గీసిన బొమ్మ, ఆడిన మనిషి

ఇంటికి వచ్చిన పిల్లలను పెద్దలు అడుగు ప్రశ్నలు సాధారణముగా రెండే. బాగా చదువుచున్నావా? ఆ సినిమా ఎట్లున్నది? రెండింటికిని వచ్చు ప్రత్యుత్తరము ఒకటే: "బాగుంది." అంతటితో సంభాషణ ముగియును. 2024 ఆగస్టులో లండను నుండి సెలవులకు విజయవాడ వచ్చిన మా మేనకోడలితో మా సంభాషణ కూడ అట్లే ముగియవలసినది. ఆమెకు అప్పటికి 14 సంవత్సరములు. జపాను బొమ్మల చిత్రమొకటియు, దానినే ఆధారముగా చేసికొని ఆడిన నాటకమొకటియు ఆ వేసవిలోనే చూచితినని చెప్పినది. ఎట్లున్నవని అడిగితిమి. "బాగున్నాయి మామయ్యా" అన్నది. మేము మరల చేతిలోని వార్తాపత్రిక వైపు తిరిగితిమి. అప్పుడామె మెల్లగా ఇంకొక మాట అన్నది: "సినిమా చూస్తున్నంతసేపూ అవి బొమ్మలన్న సంగతే మర్చిపోయాను. నాటకంలో అది నాటకమని ఒక్క నిమిషం కూడా మర్చిపోలేదు. కాని ఏడుపు నాటకంలోనే వచ్చింది. ఎందుకు?"

మేము పత్రికను మడిచి ప్రక్కన పెట్టితిమి. ఆ ప్రశ్నకు వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి. తరువాత కొన్ని దినములు ఆమెతో మాటలాడియు, ఆ చిత్రమును ఆమె ప్రక్కన కూర్చుండి చూచియు, కొంత చదివియు గ్రహించిన విషయములను శ్రోతలతో పంచుకొనుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము. 13 మొదలు 19 సంవత్సరముల వరకుగల వయస్సున పిల్లలు ఏమి చూచుచున్నారను విచారము నేడు ప్రతి ఇంటను ఉన్నది. చూచిన పిమ్మట వారేమి చెప్పుచున్నారో వినవలెనను కోరిక మాత్రము అంతగా కానరాదు.

ఆ చిత్రమునకు జపాను భాషలో పేరు 'సెన్ తో చిహిరో నో కమికకుషి'. లోకమున 'స్పిరిటెడ్ అవే' అను ఆంగ్లనామముతో ప్రసిద్ధి పొందినది. హయావో మియజాకీ దర్శకత్వమున స్టూడియో జిబ్లీ నిర్మించిన ఈ చిత్రము 2001 జూలైలో జపానులో విడుదలయ్యెను. 2002లో బెర్లిన్ చలనచిత్రోత్సవమున అగ్రబహుమానమైన స్వర్ణ భల్లూకమును, 2003లో ఆస్కారు బహుమానమును పొందెను. చిహిరో అను 10 సంవత్సరముల బాలిక తల్లిదండ్రులతో క్రొత్త ఊరికి పోవుచుండగా వారు దారి తప్పుదురు. జనశూన్యమైన ఒక వీధిలో ఎవరికొఱకో వండిపెట్టిన భోజనమును తల్లిదండ్రులు ఎవరినీ అడుగక తిని పందులగుదురు. ఆ ప్రదేశము దేవతలు అలసట తీర్చుకొనుటకు వచ్చు స్నానశాల. దాని యజమానురాలు యుబాబా అను మంత్రగత్తె. తల్లిదండ్రులను రక్షించుకొనవలెనన్న చిహిరో అక్కడ పనికి కుదురవలెను. కుదురునప్పుడు యుబాబా ఆమె పేరులోని అక్షరములను ఎత్తి తీసికొని ఒక్కదానిని మాత్రము విడుచును. చిహిరో అను మాటను జపానువారు రెండు లిపిచిహ్నములతో వ్రాయుదురు. అందులో మొదటిది ఒంటరిగా నిలిచినపుడు 'సెన్' అని పలుకును. వేయి అని దాని అర్థము. అది మొదలు బాలిక పేరు సెన్. అసలు పేరు మఱచినవారు ఆ స్నానశాలను విడిచి పోజాలరు. హకు అను బాలుడు అట్లు తన పేరును మఱచియే యుబాబాకు సేవకుడై యున్నాడు.

ఇట్టి చిత్రములను 'అనిమే' అందురు. 'యానిమేషన్' అను ఆంగ్లపదమును జపానువారు కుదించుకొనగా ఏర్పడిన మాటయిది. చలనచిత్రములో సెకనుకు 24 చిత్రములు కన్నుల యెదుట కదలును. వాని కొఱకు 24 బొమ్మలును గీయవచ్చును. లేదా ఒక్కొక్క బొమ్మను రెండేసి మారులు చూపి 12 బొమ్మలతో సరిపెట్టవచ్చును. ఒసాము తెజుకా 1963 జనవరి 1వ తేదీన 'తెత్సువాన్ ఆటము' అను ధారావాహికను జపాను టెలివిజనులో ప్రారంభించినపుడు వారమునకు ఒక అరగంట కథ సిద్ధము కావలసి యుండెను. అంత పనికి ధనము చాలదు, కాలము చాలదు. అందుచేత ఒక్కొక్క బొమ్మను మూడేసి మారులు చూపి సెకనుకు 8 బొమ్మలతోను, ఒక్కొక్కప్పుడు అంతకంటె తక్కువతోను పని నడిపిరి. ముఖము నిశ్చలముగా నుండును, పెదవులు మాత్రమే కదలును. మనిషి నిలిచియే యుండును, వెనుకనున్న ఆకాశము జరుగును. లేమినుండి పుట్టిన ఈ నిశ్చలత్వము క్రమముగా ఒక శైలియై నిలిచెను.

మియజాకీ చిత్రములలో బొమ్మలకు కొఱత లేదు. అయినను నిశ్చలత్వపు విలువ ఆయన ఎరుగును. 'స్పిరిటెడ్ అవే' కథ చివరి భాగమున చిహిరో నీటిమీదుగా సాగు రైలులో పోవును. రైలులో నున్నవారు నీడల వంటివారు. చాలసేపు ఎవరును మాటలాడరు. మా మేనకోడలు ఆ ఘట్టము వచ్చినపుడు మమ్ము మోచేతితో పొడిచి, "ఇక్కడేమీ జరగదు మామయ్యా, అదే బాగుంటుంది" అన్నది. జపాను భాషలో ఇట్టి విరామమునకు 'మా' అని పేరు. మియజాకీ 2002లో అమెరికా విమర్శకుడు రాజర్ ఈబర్టుతో మాటలాడుచు చప్పట్లు చరచి చూపి, ఒక చప్పట్టునకును మఱియొక చప్పట్టునకును నడుమనున్న కాలమే 'మా' అని వివరించెను. ప్రసారశాలలో పనిచేయు మాకు నాలుగు సెకనుల నిశ్శబ్దమన్న గుండె జారును. ఒక బాలిక దానిని కోరి వినుచున్నదని తెలిసి మేము కొంచెము సిగ్గుపడితిమి.

ఇక నాటకము. జాన్ కేయర్డు అను దర్శకుడు ఈ కథను రంగస్థలమునకు అనువుగా మలచగా 2022లో టోక్యోలోని ఇంపీరియల్ థియేటరున తొలిసారి ప్రదర్శించిరి. 1985లో లండనున ఆంగ్ల 'లే మిజరాబ్ల' సంగీత నాటకమునకు ట్రెవర్ నన్నుతో కలసి దర్శకత్వము వహించినది ఈయనయే. 2024 ఏప్రిలు మొదలు ఆగస్టు వరకు లండను కొలీసియములో ఈ నాటకమును జపాను భాషయందే ఆడిరి. ఆంగ్లానువాదమును ప్రేక్షకులు పలకలపై చదువుకొనిరి. చిత్రమునకు జో హిసాయిషి కూర్చిన సంగీతమును వాద్యబృందము అక్కడనే వాయించెను. చిత్రమున యుబాబాకు గొంతునిచ్చిన మరి నత్సుకీ యను నటి, ఇరువది సంవత్సరముల పిమ్మట, వేఱొక నటితో వంతులు మార్చుకొనుచు ఆ పాత్రను రంగముమీద స్వయముగా ధరించెను.

బొమ్మలో ఏదైనను సాధ్యము. ఆరు చేతుల ముసలివాడు కామాజీకి గీసినవాడు ఆరు చేతులు గీసిన చాలును. రంగముమీద మనిషికి ఉన్నవి రెండే. అందుచేత తక్కిన చేతులను ఇతర నటులు పట్టి ఆడించిరి. కోపము వచ్చినపుడు యుబాబా ముఖము భవనమంత పెరుగవలెను. నటులు కన్ను ఒకరు, ముక్కు ఒకరు, నోరు ఒకరు పట్టుకొని వచ్చి దగ్గఱ చేర్చగా ఆ మహాముఖము ఏర్పడెను. ఆడించు మనుష్యులు ప్రేక్షకులకు స్పష్టముగా కనిపించుచునే యుందురు. దాచు ప్రయత్నము లేదు.

ఇది జపానువారికి క్రొత్త కాదు. వారి బున్‌రాకు బొమ్మలాటలో ఒక్కొక్క ముఖ్యమైన బొమ్మను ముగ్గురు ఆడింతురు. ప్రధానుడు తలను, కుడిచేతిని, రెండవవాడు ఎడమచేతిని, మూడవవాడు కాళ్లను కదుపుదురు. ముగ్గురును ప్రేక్షకుల యెదుటనే యుందురు. మన తోలుబొమ్మలాటలో ఆడించువారు తెరవెనుక నుండి, వెలుగునకు బొమ్మను ఆనించి ఛాయను మాత్రమే మనకు చూపుదురు. రెండు సంప్రదాయములును బొమ్మకు ప్రాణము పోయుటకే పుట్టినవి. ఒకటి చేతిని దాచును, మఱియొకటి చూపును.

మా మేనకోడలి ప్రశ్నకు సమాధానము ఇక్కడనే కొంత దొరకుచున్నది. గీసిన బొమ్మ తనకు తాను సంపూర్ణము. వాన పడుట, వెండ్రుకలు నిక్కబొడుచుట, కన్నీటి బొట్టు ఉబ్బుట అన్నియు చిత్రకారుడే పూర్తిచేసి యిచ్చును. చూచువాడు ఆ లోకమున ప్రవేశించి తన్ను తాను మఱచును. నాటకమున సగము పని ప్రేక్షకునికి విడిచిపెట్టుదురు. నలుగురు మనుష్యులు పట్టిన అట్టలను ఒక ముఖముగా చూచుట ఆ బాలిక పని. తాను చేయి కలిపిన పనియందు మనస్సు లోతుగా దిగుట సహజము. ఈ మర్మము రేడియో నాటకము వినువారికి తెలియనిది కాదు. మేము రెండు కొబ్బరి చిప్పలను తట్టుదుము. గుఱ్ఱమును, దాని రంగును, అది పోవు దారిని శ్రోతయే సృష్టించుకొనును.

ఆమె చెప్పిన మఱియొక ఉదాహరణము దీనికి బలమిచ్చుచున్నది. 2023 డిసెంబరులో ఆమె లండను బార్బికన్ థియేటరున 'మై నైబర్ టొటోరో' నాటకమును చూచినదట. మియజాకీ 1988లో తీసిన చిత్రమునకు అది రంగస్థల రూపము. రాయల్ షేక్స్‌పియర్ కంపెనీ 2022లో మొదటిసారి ప్రదర్శించి, 2023లో 6 ఆలివియర్ బహుమానములు గెలుచుకొనెను. తల్లి ఆసుపత్రిలో నుండగా పల్లెకు వచ్చిన ఇద్దఱు అక్కచెల్లెండ్ర కథ యది. చెల్లెలు మేయీకి 4 సంవత్సరములు. ఆ పాత్రను ఆడినది వయస్సు వచ్చిన నటి. "మొదట నాకు నవ్వొచ్చింది. ఇంత పెద్దావిడ చిన్నపిల్లలా గెంతుతోందేమిటా అనుకున్నాను. పది నిమిషాలయ్యాక పెద్దావిడ కనపడటం మానేసింది" అని మా మేనకోడలు చెప్పినది. పది నిమిషములలో నటి మాఱలేదు. మాఱినది చూచు కన్ను.

ఎవరు ఎవరైనను కావచ్చునను ఈ రంగధర్మమును జపానులో పరాకాష్ఠకు తెచ్చిన సంస్థ తకరజుకా. ఒసాకా నగరమునకు సమీపమున నున్న ఆ ఊరికి ప్రయాణికులను ఆకర్షించుటకై రైల్వే అధిపతి ఇచిజో కొబయాషి 1913లో బాలికల గాయక బృందమును స్థాపించెను. 1914లో తొలి ప్రదర్శనము జరిగెను. నాటినుండి నేటివరకు అందు నటించువారందఱును స్త్రీలే. పురుషపాత్రలను ధరించుటకే శిక్షణ పొందినవారిని 'ఓతోకోయాకు' అందురు. తెజుకా బాల్యము గడచినది ఈ ఊరిలోనే. తల్లితో కలసి ఆ సంగీత నాటకములను చూచిన బాలుడు పెద్దవాడై, రాకుమారుని వేషమున తిరుగు రాకుమారి కథను 1953లో బొమ్మలతో చెప్పెను. తకరజుకావారు 1974లో రియోకో ఇకెదా బొమ్మల కథ 'వెర్సాయి గులాబీ'ని సంగీత నాటకముగా ఆడి అఖండ విజయము పొందిరి. అదే కథ 1979లో అనిమే అయ్యెను. ఇట్లు రంగము బొమ్మకును, బొమ్మ రంగమునకును అప్పులిచ్చి పుచ్చుకొనుచున్నవి. 2003లో టెన్నిసు ఆడు బాలుర బొమ్మల కథను సంగీత నాటకము చేసిన పిమ్మట ఇట్టివి పెక్కు వెలసినవి. కాగితపు బొమ్మ రెండు పరిమాణములది, మనిషి మూడు పరిమాణములవాడు గనుక, వీనిని జపానువారు 'రెండున్నర పరిమాణముల నాటకములు' అని చమత్కారముగా పిలుతురు.

ఇంతవరకు చెప్పి మా మేనకోడలు, "ట్రిపులార్ కూడా ఆడారు తెలుసా?" అన్నది. పరిహాసమనుకొంటిమి. విచారింపగా నిజమే. రాజమౌళి 2022 నాటి తెలుగు చిత్రము 'ఆర్ ఆర్ ఆర్'ను తకరజుకా తారాబృందము 2024 జనవరిలో, కొమరం భీము దృష్టినుండి కథ నడచునట్లు మార్చి, సంగీత నాటకముగా ప్రదర్శించెను. భీమును, రామరాజును ధరించినది స్త్రీలే. మూడు గంటల చిత్రము సుమారు సగము కాలమునకు కుదిరెను. 'నాటు నాటు' నృత్యము మాత్రము నిలిచెను. ఆదిలాబాదు అడవుల గోండు వీరుడు జపాను యువతి రూపమున నిలిచెనని విని మన పెద్దలు కొందఱు ముక్కుమీద వేలు వేసికొనవచ్చును. కాని సత్యభామయై తెలుగుదేశమును ఏలినది స్థానం నరసింహారావుగారు గదా! ఆ పురుషుని నడకను చూచి స్త్రీలు అభినయము నేర్చుకొనవలెనని మెచ్చుకొన్న జాతి మనది. ప్రభుత్వము 1956లో ఆయనను పద్మశ్రీతో సత్కరించెను. ఈ సంగతి చెప్పగా ఆ బాలిక కన్నులు పెద్దవి చేసికొని విన్నది. ఆమె మాకొక వార్త తెచ్చినది. మేమామెకొక వార్త ఇచ్చితిమి. సంభాషణ యనగా నిదియే.

తల్లిదండ్రుల కొఱకు ఒక జాగ్రత్త చెప్పవలెను. గీసిన బొమ్మలన్నియు పసిపిల్లల కొఱకే యని తలచుట పొరపాటు. జపానులో బాలురకు, బాలికలకు, యౌవనులకు, పెద్దలకు వేర్వేఱుగా బొమ్మల కథలు కలవు. 1988 ఏప్రిలులో టొటోరో చిత్రమును విడుదల చేసిన దినముననే, దానితో జంటగా, ఇసావో తకహతా దర్శకత్వము వహించిన 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' చిత్రమును ప్రదర్శించిరి. యుద్ధకాలమున ఆకలిచే నశించు అన్నచెల్లెండ్ర కథ యది. పెద్దలకును భరించుట కష్టము. కావున ఏది ఏ వయస్సునకు తగునో పెద్దలు ముందుగా తెలిసికొనవలెను. వీలైనచో ప్రక్కన కూర్చుండి చూడవలెను.

చూచిన పిమ్మట ఎట్లు అడుగవలెను? "దీనివలన ఏమి నేర్చుకొంటివి?" అని మేమును ఒకసారి అడిగితిమి. ఆ బాలిక ముఖము ముడుచుకొన్నది. పరీక్షాపత్రమును చూచినట్లు చూచినది. మా అనుభవమున యౌవనారంభమునందలి పిల్లల అభిప్రాయము మూడు తడవలుగా వెలువడును. మొదటిది కేక: "అదిరిపోయింది", "ఏం బాగాలేదు." రెండవది అరువు మాట: స్నేహితులు చెప్పినది, ఎక్కడనో చదివినది. మూడవది మాత్రమే వారి సొంతము. అది చాల ఆలస్యముగా, వేఱొక పనిలో నున్నప్పుడు, చిన్న వివరముగా వచ్చును. ఆ వివరమునకై ఓపికతో కాచుకొనవలెను. "ఏ చోట నీకు ఊపిరి నిలిచినది?" అని అడిగినచో కొంత త్వరగా రావచ్చును.

ఆమె మూడవ మాట తిరుగు ప్రయాణమునకు ముందురాత్రి వచ్చినది. పెట్టె సర్దుచు, "నాకు ఏడుపొచ్చింది ఎక్కడో చెప్పనా? పేరు తీసేసుకున్నప్పుడు" అన్నది. ఆమెది ఐదక్షరముల పేరు. మా అమ్మగారి పేరు. బడిలో తోటిపిల్లలకు నోరు తిరుగక మొదటి అక్షరముతో పిలుచుట మొదలుపెట్టిరట. తరువాత ఉపాధ్యాయులును, ఇరుగుపొరుగువారును అట్లే పిలిచిరి. పిమ్మట, సౌకర్యముగా నున్నదని, మా చెల్లెలును బావగారును కూడ. "సినిమాలో అక్షరాలు గాలిలో ఎగిరి ఆవిడ చేతిలోకి వెళ్లిపోతాయి. మంత్రంలా వుంటుంది, అందంగా వుంటుంది. నాటకంలో నిజం మనిషి నిలబడి వుంటుంది. ఆ అమ్మాయి ముఖం చూశాను. ఏమీ అనదు. సరే అంటుంది అంతే. నేనూ అలాగే సరే అన్నాను." ఇంతచెప్పి మరల బట్టలు మడుచుటలో మునిగెను.

మేము కొంతసేపు మాటలాడలేకపోతిమి. విదేశముల రాజకీయవేత్తల పేర్లను, నదుల పేర్లను తప్పు లేకుండ పలుకుటకై నిఘంటువులు వెదకి, సహోద్యోగులను అడిగి, కాగితముపై గుర్తులు వ్రాసికొని చదువుట మా వృత్తి. అందుకు మేము గర్వించుచుంటిమి. అట్టి మేము నాలుగేండ్లుగా ఫోనులో మా మేనకోడలిని ఆ ఒక్క అక్షరముతోనే పిలుచుచుంటిమి. ఎవరును చెడ్డ తలంపుతో చేసినది కాదు. యుబాబా పనికత్తె పేరు కుదించుటయు పని సుళువుకొఱకే గదా.

కథలో హకునకు పేరు తిరిగి వచ్చుట చిహిరో వలన. తాను చిన్ననాడు పడిన ఏటిపేరు ఆమెకు జ్ఞప్తికి వచ్చును. ఆ ఏరే అతడు. దానిని పూడ్చి ఇండ్లు కట్టినారు. పోయిన పేరును ఇంకొకరు గుర్తుంచుకొన్నచో అది తిరిగి రాగలదను ఈ సంగతిని మేము ఆ రాత్రి ఆమెకు వ్యాఖ్యానించి చెప్పలేదు. ఆమె దానిని మాకంటె ముందే చూచినది. మరునాడు గన్నవరము విమానాశ్రయమున లోనికి పోవుచుండగా ఐదక్షరములును పలికి పిలిచితిమి. వెనుదిరిగి చూచి, "ఇంకోసారి పిలు మామయ్యా" అన్నది. వెనుక నిలిచినవారు తొందరపడుచుండిరి. అయినను మఱియొకసారి పిలిచితిమి.